ఫిట్స్ ఉన్న పిల్లలకి చదువు ఎందుకు కష్టమవుతుంది?

ఈ రోజు ఎపిసోడ్ మూర్ఛకీ, పిల్లల చదువుకీ, మెదడు ఎదుగుదలకీ ఉన్న సంబంధం గురించి. పుస్తకాల్లో మూర్ఛ అని రాస్తాం గానీ ఇళ్లలో అందరూ ఫిట్స్ అనే అంటారు, నేనూ ఆ మాటే వాడతాను. పిల్లల నరాల డాక్టర్‌గా ఓపీలో నేను దాదాపు ప్రతిరోజూ వినే ప్రశ్న ఒకటుంది. "డాక్టర్ గారూ, ఫిట్స్ అయితే తగ్గాయి. కానీ వీడికి చదువు ఎక్కట్లేదు. ఈ మాత్రల వల్లేనంటారా?" అడిగేవాళ్లు నయం. కొంతమంది అడగరు, మాత్రలు ఆపేసి చూస్తారు. అలా ఆపినవాళ్లలో కొందరు రెండు మూడు రోజుల్లోనే ఆగకుండా ఫిట్స్ వస్తున్న బిడ్డని ఎత్తుకుని ఎమర్జెన్సీకి పరుగెత్తుకొస్తారు. అందుకే ఈ ప్రశ్నకి కాస్త తీరిగ్గా జవాబు చెప్పాలనిపించింది.

ముందు ఒక మాట. ఫిట్స్ ఉన్న పిల్లలందరికీ చదువు రాదు అనుకోవడం తప్పు. క్లాసులో మొదటి ర్యాంకు తెచ్చుకునే పిల్లలు, ఇంజినీరింగ్ చదివేవాళ్లు మాత్రలు వేసుకుంటూనే చదువుతున్నారు. ఇక జ్వరంతో వచ్చే మామూలు ఫిట్స్ సంగతి. ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో నూటికి 2 నుంచి 5 మందికి ఇవి వస్తాయి. వీటివల్ల తెలివితేటలు తగ్గవు. బ్రిటన్‌లో అలాంటి పిల్లలని పదేళ్ల వయసు వరకు గమనించి 1998లో ఫలితాలు ప్రచురించారు. చదువులో, తెలివిలో మిగతా పిల్లలతో సమానంగానే ఉన్నారు. కాబట్టి జ్వరంలో ఒకసారి ఫిట్స్ వచ్చిన బిడ్డ తల్లిదండ్రులు ఈ ఎపిసోడ్ చదివి భయపడాల్సిన పని లేదు.

కానీ జ్వరం లేకుండా మళ్లీ మళ్లీ ఫిట్స్ వచ్చే పిల్లల విషయం వేరు. ఇంగ్లండ్‌లోని ససెక్స్ ప్రాంతంలో బడి వయసు పిల్లల మీద చేసిన ఒక అధ్యయనం 2014లో వచ్చింది. ఫిట్స్ ఇంకా అదుపులోకి రాని, లేదా మందులు వాడుతున్న పిల్లల్లో నూటికి 80 మందికి తెలివితేటల్లోనో, ప్రవర్తనలోనో ఏదో ఒక ఇబ్బంది కనిపించింది. నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఈ 80 కాదు. ప్రవర్తన సమస్య ఉన్నవాళ్లలో మూడో వంతు మందికే ఆ సంగతి అంతకుముందు ఎవరైనా చెప్పారు. మిగతావాళ్లు డాక్టర్ల చుట్టూ తిరుగుతూనే ఉన్నారు, కానీ డాక్టరు ఫిట్స్ ఎన్ని వచ్చాయి అని అడిగి మందు డోసు రాసి పంపించేశారు. మన దగ్గరా ఇదే పరిస్థితి. వంద మంది ఉన్న ఓపీలో చదువు గురించి అడిగే తీరిక ఎక్కడుంటుంది? కానీ అడగాలి.

సరే, కారణానికి వద్దాం. ఫిట్స్ వచ్చాయి కాబట్టి చదువు పోయింది అని మనం అనుకుంటాం. అంటే ఫిట్స్ తల్లి, చదువు సమస్య బిడ్డ. చాలాసార్లు అది అలా కాదు. ఆ రెండూ తోడబుట్టినవే. ఇద్దరినీ కన్న తల్లి వేరే ఉంటుంది, అది మెదడు ఎదుగుదలలో వచ్చిన తేడా. అమెరికాలో 2007లో వచ్చిన ఒక అధ్యయనంలో, ఫిట్స్ కొత్తగా బయటపడిన పిల్లలని వాళ్ల సొంత పెదనాన్న, చిన్నాన్న, మేనత్త, మేనమామ పిల్లలతో పోల్చి చూశారు. ఏకాగ్రత కుదరని, కుదురుగా కూర్చోలేని సమస్య, అంటే ఏడీహెచ్‌డీ, ఫిట్స్ ఉన్న పిల్లల్లో నూటికి 30 మందికి పైగా ఉంటే, వాళ్ల కజిన్స్‌లో ఆరుగురికే ఉంది. అంతకన్నా ముఖ్యమైన సంగతేమంటే, చాలామందిలో ఆ సమస్య మొదటి ఫిట్స్ కన్నా ముందే మొదలైంది. ఒక్క మాత్ర కూడా మింగకముందే. అమ్మానాన్నలని కాస్త గుచ్చి గుచ్చి అడిగితే మన దగ్గరా అదే తెలుస్తుంది. "అవునండీ, ఎల్‌కేజీలోనే టీచర్ చెప్పేది, వీడు ఒకచోట కూర్చోడని."

మెదడు ఎదుగుదలలో తేడా అంటే ఏమిటి? వీడియోలో చేత్తో చూపించాను, చదివేవాళ్ల కోసం మాటల్లో చెబుతాను. కడుపులో ఉన్నప్పుడు నరాల కణాలు మెదడు లోపలి భాగంలో పుట్టి, అక్కడి నుంచి పైపొర వరకు ప్రయాణం చేసి, వరుసలు వరుసలుగా సర్దుకుంటాయి. దారిలో కొన్ని ఆగిపోయినా, వరుస తప్పినా ఆ చోట కరెంటు సరిగ్గా నడవదు. ఆ మచ్చ నుంచే ఫిట్స్ పుడతాయి. ఆ మచ్చ మాటలకి సంబంధించిన చోట ఉంటే మాటలూ ఆలస్యమవుతాయి.

పుట్టిన తర్వాత రెండో పని మొదలవుతుంది. కణాల మధ్య కనెక్షన్లు అవసరమైన దానికన్నా చాలా ఎక్కువగా పుట్టుకొస్తాయి. ఆ తర్వాత వాడినవి గట్టిపడతాయి, వాడనివి తీసివేతకి గురవుతాయి. వ్యవసాయం తెలిసినవాళ్లకి చెప్పడం తేలిక. మొక్కజొన్న చేలో విత్తనం కాస్త ఎక్కువే వేసి, మొలిచాక ఒత్తు మొక్కలు పీకేస్తాం కదా, అలాంటిదే. ఏది ఉంచాలి, ఏది తియ్యాలి అన్నది బిడ్డ చూసేది, వినేది, ముట్టుకునేది నిర్ణయిస్తుంది. దీంతోపాటు నరాల తీగల మీద కొవ్వుతో చేసిన తొడుగు ఏర్పడుతూ వస్తుంది, దాంతో సంకేతాలు వేగంగా వెళతాయి. ఈ పని మెదడు వెనక భాగంలో ముందు పూర్తవుతుంది. ఆలోచించి నిర్ణయం తీసుకునే ముందు భాగంలో పాతికేళ్లు వచ్చేదాకా సాగుతుంది.

ఇప్పుడు ఈ చేలో మాటిమాటికీ తుఫాను వస్తే ఏమవుతుందో ఆలోచించండి. ఫిట్స్ అంటే వేలాది కణాలు ఒకేసారి, ఒకే లయలో మోగడం. నేర్చుకోవడానికి కావలసింది దానికి సరిగ్గా వ్యతిరేకం. కావలసిన కణమే, కావలసిన క్షణంలోనే మోగాలి. పెద్దవాళ్ల మెదడు కట్టేసిన ఇల్లు, దానికి పగుళ్లు వస్తాయి. పిల్లలది కడుతున్న ఇల్లు, అక్కడ గోడే వంకరగా లేస్తుంది. పైగా పసిమెదడుకి బ్రేకు తక్కువ. పెద్దవాళ్ల మెదడులో కణాలని శాంతింపజేసే గాబా అనే రసాయనం, అప్పుడే పుట్టిన జంతువుల మెదడులో ఉద్రేకపరిచే పని చేస్తుందని ప్రయోగాల్లో తేలింది. ఫిట్స్ వచ్చే అవకాశం బాల్యంలో, అందులోనూ మొదటి ఏడాదిలో అంత ఎక్కువగా ఉండటానికి ఇదొక కారణం.

ఆ మొదటి ఏడాదిలో వచ్చే ఒక రకం ఫిట్స్ గురించి కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే ఇక్కడ రోజులు కూడా లెక్కే. 1841లో ఇంగ్లండ్‌లో విలియం జేమ్స్ వెస్ట్ అనే డాక్టరు లాన్సెట్ పత్రికకి ఒక ఉత్తరం రాశాడు. తన సొంత కొడుకు గురించి. నెలల బిడ్డ, తల ముందుకి వాల్చి, మళ్లీ లేపి, ఇలా వరసగా చేస్తున్నాడని, ఎదుగుదల వెనకబడిందని, ఏ వైద్యం చేసినా తగ్గలేదని. ఇలాంటి కేసు చూసినవాళ్లెవరైనా ఉంటే చెప్పమని అడుగుతూ రాసిన ఉత్తరం అది. ఆ జబ్బుకి ఆయన పేరే పెట్టారు, వెస్ట్ సిండ్రోమ్. మూడు నెలల నుంచి ఏడాది లోపు మొదలవుతుంది. బిడ్డ నిద్ర లేచిన కాసేపటికి రెండు చేతులూ చాచి, తల వంచి ఒక్కసారి ఉలిక్కిపడినట్టు చేస్తుంది. కొన్ని సెకన్ల తర్వాత మళ్లీ. ఇలా పది, ఇరవై, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. మధ్యలో ఏడుస్తుంది.

మన ఇళ్లలో ఏమవుతుంది? అమ్మమ్మ చూసి "ఉలికిపాటు, అదే పోతుంది" అంటుంది. ఇంకొకరు కడుపు నొప్పి అంటారు, గ్రైప్ వాటర్ పడతారు. దిష్టి తీస్తారు. పెద్దవాళ్లని తప్పు పట్టలేం, చూడటానికి నిజంగానే ఫిట్స్‌లా ఉండదు. నురగ రాదు, కాళ్లూ చేతులూ కొట్టుకోవు. ఇలా ఒకటి రెండు నెలలు గడిచిపోతాయి. ఈ లోపు నవ్వుతున్న బిడ్డ నవ్వడం మానేస్తుంది, మెడ నిలిపిన బిడ్డ మెడ వాల్చేస్తుంది. ఈఈజీ తీస్తే లోపలంతా గజిబిజిగా ఉంటుంది. ఏసీటీహెచ్ ఇంజెక్షన్లు, ప్రెడ్నిసొలోన్, విగాబాట్రిన్ ఇవీ దీనికి వాడే మందులు. బ్రిటన్‌లో ఈ పిల్లలని నాలుగేళ్ల వయసు వచ్చేదాకా గమనించారు. ఫిట్స్ మొదలైనప్పటి నుంచి వైద్యం మొదలయ్యేదాకా ఎంత ఆలస్యమైతే, నాలుగేళ్లప్పుడు ఎదుగుదల స్కోరు అంత తగ్గింది. వారంలో వచ్చిన బిడ్డకీ, రెండు నెలలకి వచ్చిన బిడ్డకీ తేడా కనిపించింది. కాబట్టి ఏడాది లోపు బిడ్డ వరసగా ఉలిక్కిపడుతుంటే ఫోన్‌లో వీడియో తీసి ఆ రోజే పిల్లల డాక్టర్‌కి చూపించండి. వచ్చే సోమవారం ఓపీ దాకా ఆగొద్దు.

ఈ వెస్ట్ సిండ్రోమ్‌కి మన దేశంలో తరచుగా కనిపించే కారణాల్లో రెండు చెబుతాను. కాన్పు సమయంలో మెదడుకి ఆక్సిజన్ తగ్గడం ఒకటి. రెండోది పుట్టిన మొదటి రెండు మూడు రోజుల్లో షుగర్ పడిపోవడం. తక్కువ బరువుతో పుట్టిన బిడ్డ, సిజేరియన్ అయి తల్లికి పాలు సరిగ్గా పడక, గంటల తరబడి మత్తుగా పడుకుంటే "బుద్ధిమంతుడు, ఏడవట్లేదు" అనుకుంటారు. షుగర్ పడిపోతే ముఖ్యంగా దెబ్బతినేది మెదడు వెనక భాగం, చూపుకి సంబంధించినది. ఈ పిల్లలు పెద్దయ్యాక కంటి పరీక్షలో కన్ను బాగానే ఉంటుంది, కానీ చూసింది అర్థం చేసుకోవడం కష్టమవుతుంది. పుస్తకంలో వరస తప్పుతారు, బోర్డు మీద రాసింది దించుకోలేరు. చదువు సమస్య మూడో క్లాసులో బయటపడుతుంది, దాని మూలం పుట్టిన మూడో రోజులో ఉంటుంది. మొదటి గంటలో తల్లి పాలు పట్టించమని, తర్వాత రెండు మూడు గంటలకోసారి లేపి మరీ పట్టమని మేం పదే పదే చెప్పేది ఇందుకే.

ఇక బడి వయసుకి వద్దాం. ఇక్కడ ఎక్కువగా తప్పిపోయేది కంటికి కనిపించని ఫిట్స్. పుస్తకాల్లో ఆబ్సెన్స్ ఫిట్స్ అంటారు. నాలుగేళ్ల నుంచి పదేళ్ల మధ్య మొదలవుతాయి. మాట్లాడుతున్న పాప మధ్యలో ఆగిపోతుంది, చూపు ఒకచోట నిలిచిపోతుంది, రెప్పలు కాస్త కొట్టుకోవచ్చు. అయిదు నుంచి ఇరవై సెకన్లు. తర్వాత ఏమీ జరగనట్టు పని కొనసాగిస్తుంది. పడిపోదు. రోజుకి పదుల సార్లు రావచ్చు. టీచర్ డైరీలో "పరధ్యానం ఎక్కువ, క్లాసులో కలలు కంటుంది" అని రాస్తుంది. ఇంట్లో దెబ్బలు పడతాయి. పిలిస్తే పలకదని పొగరు అని కూడా అంటారు.

మామూలు పరధ్యానానికీ దీనికీ తేడా ఎలా తెలుస్తుంది? పరధ్యానంలో ఉన్న పిల్లని భుజం మీద తడితే ఇటు చూస్తుంది. ఇది వచ్చినప్పుడు తట్టినా తెలియదు. పరధ్యానం బోరు కొట్టే చోట వస్తుంది, ఇది ఇష్టమైన ఆట ఆడుతున్నప్పుడూ, అన్నం తింటున్నప్పుడూ వస్తుంది. ఓపీలో మేం ఒక చిన్న పరీక్ష చేస్తాం. పాప చేతికి కాగితం గాలిమర ఇచ్చి మూడు నిమిషాలు ఆపకుండా ఊదమంటాం. అలా గట్టిగా ఊపిరి తీస్తూ వదులుతూ ఉంటే చాలామందిలో మా కళ్లముందే ఒకటి వచ్చేస్తుంది. పక్కన కూర్చున్న నాన్న "ఇదేనా ఫిట్స్ అంటే? ఇది రోజూ చేస్తుంది కదండీ" అంటాడు.

ఇప్పుడు లెక్క చూడండి. ఒక్కోటి పది సెకన్లు, రోజుకి అరవై సార్లు అనుకుందాం. మొత్తం పది నిమిషాలు. పది నిమిషాలే కదా అనిపిస్తుంది. కానీ టీచర్ తీసివేతలు చెబుతూ, "పై అంకె చిన్నదైతే పక్కింటి నుంచి అప్పు తెచ్చుకోవాలి" అన్న ఆ ఒక్క వాక్యం ఆ పది సెకన్లలో పడిందంటే, ఆ తర్వాత నలభై నిమిషాల క్లాసు పాపకి అర్థం కాదు. సినిమాలో పది సెకన్లకోసారి రీలు కట్ అవుతుంటే కథ ఎలా తెలుస్తుంది?

అయితే ఫిట్స్ ఆగిపోగానే అంతా సర్దుకుంటుందా అంటే, అదీ పూర్తిగా కాదు. అమెరికాలో ఈ రకం ఫిట్స్ ఉన్న సుమారు 450 మంది పిల్లల మీద మూడు మందులని పోల్చిన పెద్ద అధ్యయనం 2010లో వచ్చింది. ఎథోసక్సిమైడ్, వాల్‌ప్రోయేట్ రెండూ ఫిట్స్‌ని సమానంగా తగ్గించాయి, లామోట్రిజిన్ వెనకబడింది. కానీ ఏకాగ్రత పరీక్ష పెడితే, వాల్‌ప్రోయేట్ వాడినవాళ్లలో నూటికి 49 మందికి ఇబ్బంది ఉంది, ఎథోసక్సిమైడ్ వాడినవాళ్లలో 33 మందికి. దీంట్లో రెండు సంగతులున్నాయి. ఒకటి, మందు ఎంపిక వల్ల తేడా వస్తుంది, నిజమే. రెండోది, మంచి మందు వాడినా మూడో వంతు మందికి ఏకాగ్రత ఇబ్బంది మిగిలే ఉంది. పైగా మందు మొదలుపెట్టకముందు చూసినా దాదాపు అంతమందికే ఉంది. నేను ఇందాక తోడబుట్టినవి అన్నది ఇదే.

నిద్రలో వచ్చే ఇంకో రకం ఉంది, రోలాండిక్ అంటారు. తెల్లవారుజామున పిల్లవాడు లేచి వచ్చి నిలబడతాడు, మూతి ఒక పక్కకి లాగుతుంది, చొంగ కారుతుంది, మాట రాదు. మనం చెప్పేది వాడికి అర్థమవుతూనే ఉంటుంది. ఇది పదమూడు నుంచి పదహారేళ్ల వయసుకల్లా దానంతట అదే పోతుంది కాబట్టి డాక్టర్లందరం "మంచి రకం ఫిట్స్" అని ధైర్యం చెబుతాం. నా ఉద్దేశంలో ఆ మాట కాస్త తగ్గించుకోవాలి. ఫిట్స్ పోవడం నిజమే, కానీ ఈ పిల్లల్లో కొందరికి చదవడంలో, మాటల్లో, విన్నది గుర్తుపెట్టుకోవడంలో ఇబ్బంది ఉంటుంది. ఏడాదికి రెండుసార్లు వచ్చే ఫిట్స్ వల్ల కాదు ఇది. నిద్రలో ఫిట్స్ లేని సమయంలో కూడా ఈఈజీలో ముళ్లలాంటి గీతలు వస్తుంటాయి, సరిగ్గా నోటికీ మాటకీ సంబంధించిన చోట.

ఈ ముళ్లు గాఢనిద్రలో దాదాపు ఆగకుండా రావడం మొదలైతే పరిస్థితి గంభీరమవుతుంది. పగలు నేర్చుకున్నదాన్ని మెదడు సర్దుకునేది గాఢనిద్రలోనే. ఆ సమయమంతా అలజడిగా ఉంటే, బాగా మాట్లాడే అయిదేళ్ల పిల్లవాడు వారాలు నెలల్లో మాటలు అర్థం చేసుకోవడం మానేస్తాడు. చెవుడు అనుకుని చెవి డాక్టర్ దగ్గరికి తీసుకెళతారు, వినికిడి పరీక్షలో ఏ లోపమూ ఉండదు. దీన్ని 1957లో లాండావ్, క్లెఫ్నర్ అనే ఇద్దరు వర్ణించారు. చాలా అరుదు. అయినా ఎందుకు చెబుతున్నానంటే, వచ్చిన మాటలు పోవడం ఏ వయసులోనైనా మామూలు విషయం కాదు. అలా జరిగితే నిద్రలో ఈఈజీ తీయించాలి. మెలకువగా తీసిన అరగంట ఈఈజీ బాగుందని వదిలేయకూడదు.

ఇప్పుడు మందుల దగ్గరికి వద్దాం. మాత్రల వల్ల చదువు తగ్గదు అని నేను చెప్పను, అది అబద్ధమవుతుంది. అందులో ముందు చెప్పాల్సింది ఫినోబార్బిటోన్. 1990లో వచ్చిన ఒక అధ్యయనంలో, జ్వరం ఫిట్స్ పిల్లలకి రెండేళ్ల పాటు కొందరికి ఈ మందు, కొందరికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. రెండేళ్లకి మందు తీసుకున్నవాళ్ల ఐక్యూ సుమారు 8 పాయింట్లు తక్కువగా ఉంది, మందు ఆపిన ఆరు నెలల తర్వాత కూడా 5 పాయింట్ల తేడా మిగిలింది. అందుకే బడికి వెళ్లే పిల్లలకి వేరే మందు దొరికితే దీన్ని వాడను. కానీ ఇది చవక, పల్లెల్లోనూ దొరుకుతుంది, పురిటి పిల్లలకి ఇప్పటికీ ముందుగా ఇచ్చే మందు. వేరే దారి లేనప్పుడు అదుపులేని ఫిట్స్ కన్నా ఇదే మేలు. టోపిరమేట్ వాడే పిల్లలు మాట వెతుక్కుంటారు, నోటి దాకా వచ్చి ఆగిపోతుంది. లెవెటిరాసిటమ్ తెలివిని మందగింపజేయదు గానీ కొందరిలో కోపం, చిరాకు పెంచుతుంది. "మా వాడు తమ్ముడిని కొడుతున్నాడండీ, ముందు ఇలా లేడు" అని అమ్మ చెబితే నేను ముందు మందు చీటీ చూస్తాను. వాల్‌ప్రోయేట్ మంచి మందే, కానీ ఆడపిల్లల విషయంలో ముందుచూపు కావాలి. గర్భిణిగా ఉన్నప్పుడు ఈ మందు వాడిన తల్లుల పిల్లలకి ఆరేళ్ల వయసులో సగటు ఐక్యూ 97 ఉంటే, వేరే ఫిట్స్ మందులు వాడినవాళ్ల పిల్లలకి 105 నుంచి 108 ఉందని 2013లో తేలింది. పుట్టుకతో వచ్చే లోపాలూ ఎక్కువే. ఎనిమిదేళ్ల పాపకి రాసేటప్పుడే ఇది తల్లికి చెప్పాలి.

ఒక మందు కన్నా మూడు మందులు, తక్కువ డోసు కన్నా ఎక్కువ డోసు మత్తు కలిగిస్తాయి, ఇది మామూలు లెక్కే. మరి చేయాల్సింది ఏమిటి? మాత్ర మొదలుపెట్టిన తేదీ, డోసు పెంచిన తేదీ రాసుకోండి. చదువులో, ప్రవర్తనలో తేడా ఎప్పుడు కనిపించిందో పక్కన రాయండి. డోసు పెంచిన రెండు వారాల్లో తేడా వస్తే మందు మీద అనుమానం న్యాయమే, మార్చమని డాక్టర్‌ని అడగండి. మందు మొదలుపెట్టడానికి ఏడాది ముందు నుంచే ఇబ్బంది ఉంటే మాత్రని నిందించి లాభం లేదు. ఏ పరిస్థితిలోనూ మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపకండి. పదో తరగతి పరీక్షల ముందు పిల్లవాడు చురుగ్గా ఉండాలని మాత్రలు దాచిపెట్టిన తల్లిదండ్రులని చూశాను. ఆ అబ్బాయి పరీక్షల రోజులు ఐసీయూలో గడిపాడు.

మెదడు, ఫిట్స్, మందులు కాకుండా ఇంకొకటి ఉంది, అది ఇల్లూ బడీ. ఫిట్స్ వస్తాయని బిడ్డని ఆటలకి పంపరు, ఎక్స్‌కర్షన్‌కి పంపరు, నెలకి పది రోజులు బడి మాన్పిస్తారు. ఏమీ అనకూడదని హోంవర్కూ అడగరు. రెండేళ్లలో ఆ పిల్లవాడు వెనకబడతాడు, దానికి మెదడుతో పని లేదు. ఎత్తులు ఎక్కడం, పెద్దవాళ్లు పక్కన లేకుండా నీళ్లలో దిగడం, ఇవి తప్ప దాదాపు అన్నీ ఆడనివ్వొచ్చు. ఆడపిల్ల అయితే బడిలో అసలు చెప్పనే చెప్పరు, రేపు పెళ్లికి ఇబ్బంది అని. చట్టంలో అయితే, ఫిట్స్ ఉన్నాయన్న కారణంతో పెళ్లి చెల్లదనే నిబంధనని హిందూ వివాహ చట్టం నుంచి 1999లోనే తీసేశారు. జనం నోళ్లు ఇంకా మూతపడలేదనుకోండి, అది వేరే సంగతి. కానీ క్లాస్ టీచర్‌కి తెలియకపోతే, ఫిట్స్ వచ్చినప్పుడు పక్కకి తిప్పి పడుకోబెట్టాల్సింది పోయి చేతిలో తాళాలు పెడతారు, నోట్లో స్పూన్ పెడతారు. అయిదు నిమిషాలు దాటితే ముక్కులో కొట్టే మిడజోలామ్ స్ప్రే ఎక్కడుందో కూడా ఆమెకి తెలిసి ఉండాలి.

ఇబ్బంది ఉందని అనుమానం వచ్చినప్పుడు పరీక్షలు ఏ వరసలో చేయించాలి అని అడుగుతుంటారు. ముందు చూపు, వినికిడి. తర్వాత సైకాలజిస్ట్ దగ్గర తెలివితేటల పరీక్ష. మన దగ్గర మాలిన్ పరీక్ష, బినే-కామత్ పరీక్ష వాడతారు. ఐక్యూ మామూలుగా ఉండి చదవడం, రాయడం, లెక్కల్లో ఏదో ఒకటి మాత్రమే బాగా వెనకబడితే దాన్ని నిర్దిష్ట అభ్యసన వైకల్యం అంటారు, దానికి బెంగళూరు నిమ్హాన్స్ తయారుచేసిన పరీక్షల వరస ఉంది. అన్నీ ఇంగ్లిష్‌లోనే పెట్టి, తెలుగు మీడియం పిల్లవాడికి రాలేదని తేల్చేసిన రిపోర్టులు నేను చూశాను. అది పరీక్ష కాదు. తెలుగులో చదివించి చూడాలి. మన లిపిలో ఇబ్బంది వేరేగా కనిపిస్తుంది. మ, య తారుమారవుతాయి, ప, ఫ, ష కలిసిపోతాయి, గుణింతం గుర్తులు జారిపోతాయి, ఒత్తులు ఒకదానికి బదులు ఇంకొకటి పడతాయి. విడి అక్షరాలన్నీ చెప్పగలిగిన పిల్లవాడు "రాష్ట్రం" దగ్గర ఆగిపోతాడు. వాడు బద్ధకస్తుడు కాదు.

సర్టిఫికెట్ సంగతి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి. ఫిట్స్ ఆ జాబితాలో విడిగా లేదు. కానీ అభ్యసన వైకల్యం, మేధో వైకల్యం ఉన్నాయి, కాబట్టి ఫిట్స్‌తో పాటు అవి ఉన్న పిల్లలు వాటి కింద అర్హులు. 2018లో వచ్చిన మార్గదర్శకాల ప్రకారం అభ్యసన వైకల్యానికి సర్టిఫికెట్ ఎనిమిదేళ్లు నిండాకే ఇచ్చేవారు, మళ్లీ 14 ఏళ్లకి, 18 ఏళ్లకి చూసేవారు. అర్హత ఉన్నవాళ్లకి రాత పరీక్షల్లో గంటకి 20 నిమిషాల అదనపు సమయం, రాసిపెట్టే మనిషి సాయం దొరుకుతాయి. దీనికి ముందుగా దరఖాస్తు చేసుకోవాలి. పదో తరగతి హాల్ టికెట్ వచ్చాక పరుగెత్తితే కుదరదు, ఎనిమిదో తరగతిలోనే మొదలుపెట్టండి. డబ్బు పెట్టలేనివాళ్లు ప్రభుత్వ బడికి వచ్చే ఆర్‌బీఎస్‌కే బృందాన్ని అడగండి. ఫిట్స్, అభ్యసన సమస్యలు రెండూ వాళ్లు చూడాల్సిన జాబితాలోనే ఉన్నాయి, అక్కడి నుంచి జిల్లా కేంద్రంలోని డీఈఐసీకి పంపిస్తారు.

ఈసారి మీ డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఈఈజీ కాగితాలతో పాటు ఒక తెలుగు నోట్‌బుక్, ఒక లెక్కల నోట్‌బుక్ కూడా సంచిలో పెట్టుకోండి. పోయిన ఏడాదివి కూడా ఉంటే ఇంకా మంచిది. రెండేళ్ల చేతిరాత పక్కపక్కన పెట్టి చూస్తే చాలా సంగతులు తెలుస్తాయి.

వచ్చే ఎపిసోడ్‌లో ఫిట్స్ మందులు ఎప్పుడు, ఎలా ఆపవచ్చో మాట్లాడుకుందాం.